తుఫానుకు పేరు పెట్టే వంతు

మూడో రోజు

గాలి ఆగ్నేయం నుంచి, మామూలు వేగం. ఆకాశం తేటగా ఉంది. గాలిచావడికి పైకప్పు లేదు కాబట్టి లోపల కూర్చుని రాసినా, బయట కూర్చుని రాసినా ఒకటే. గాలి కొలిచే యంత్రం ఎక్కడ పడిందో తెలియదు. చీర చెంగు చేత్తో పట్టుకుని, అది ఎగిరే తీరు చూసి రాస్తున్నాను. నేను తవిటమ్మని. మొగలిదిబ్బ గాలికాపుని. రోజూ గాలి రాయడం నా పని, గాలితో పాటు ఊరి సంగతులు కూడా రాయడం మా చావడి పద్ధతి.

ఈ రోజు ఊరి సంగతి ఏమిటంటే, ఊరు లేదు.

సరుగుడు తోపంతా ఒకే వైపుకి పడుకుంది. జీడిచెట్లు వేళ్ళతో సహా లేచి ఎవరి తోటలోవి ఎవరి తోటలోనో పడ్డాయి. సముద్రపు నీటిని తాగేనీరు చేసే యంత్రం ఇసుకలో కూరుకుపోయి, గొట్టం ఒక్కటే పైకి కనిపిస్తోంది. దిబ్బసీమ ఏడూళ్ళలోనూ ఇదే వరస అని, అటు ఎగిరి వచ్చిన డ్రోన్లు బొమ్మలు చూపించాయి. మా ఊళ్ళో గోడలు నిలబడింది బడికే. అందరం అందులోనే ఉన్నాం.

మా తమ్ముడు గవరయ్యని ఈ ఉదయం సముద్రం తిరిగి ఇచ్చింది. నడుముకి తెరతాడు ఇంకా కట్టే ఉంది. ఏడ్చాను. ఏడుపు అయిపోయింది. కోపం మాత్రం అయిపోవడం లేదు.

ఎనిమిదింటికి బడి మీది స్పీకరు మోగింది. ఇంత గాలిలో అది ఎలా బతికిందో దాని తయారీదారుకే తెలియాలి. "కొత్తరేవు తెరకచేరి నుంచి ఇంద్రభూషణం. అందరికీ శుభోదయం. గత తుఫాను వెళ్ళి నేటికి మూడు రోజులు" అంది. తీరం పొడవునా ప్రతి ఊళ్ళోనూ రోజూ వినిపించే గొంతు అది. గాలివార్త తెరకచేరి పెద్దే స్వయంగా చదవాలి, వేరే ఎవరు చదివినా ఆయన కుర్చీ దిగిపోయినట్టే లెక్క. చెప్పు తీసి స్పీకరు మీదికి విసిరాను. తగల్లేదు. తగిలేదాకా విసిరాను.

నాలుగో రోజు

గాలి అలాగే ఉంది. ఎంత కోపంగా ఉన్నా జరిగింది వరసగానే రాస్తాను.

తీరం పొడవునా సముద్రంలో స్తంభాలు ఉన్నాయి, స్తంభాలకి గాలితెరలు ఉన్నాయి. తుఫాను వస్తే ఎవరి తెర వాళ్ళు సగమే ఎత్తాలి. తెరకి తగిలిన గాలి కొంత పైకి పోతుంది, మిగిలింది అందరం తలా కాస్త పంచుకుంటాం. మా తాతల నాటి ఒప్పందం ఇది. ఒకరు మొత్తం ఎత్తేసుకుంటే వాళ్ళ ఊళ్ళో దీపం కూడా ఆరదు గానీ, వాళ్ళ వంతు గాలి కూడా పక్కవాళ్ళ మీద పడుతుంది. కొత్తరేవుకి పక్కవాళ్ళం మేమే.

ఆ మధ్యాహ్నం గాలి రెట్టింపైనప్పుడే నాకు అర్థమైంది. ఎదురుగా చూస్తే కొత్తరేవు తెర నిండుగా ఎత్తి ఉంది. మా తెర మోటారు ఆ ఒత్తిడికి బిగుసుకుపోయింది. చేత్తో దించకపోతే స్తంభాలు విరిగి తెర ఊరి మీదే పడుతుంది. గవరయ్య మా ఊరి తెర మేస్త్రి. నడుముకి తాడు కట్టుకుని ఎక్కాడు.

నేను వైర్‌లెస్ అందుకున్నాను. అందరూ వినే దారిలోనే మాట్లాడాను, తీరమంతా విన్నది.

"మా తమ్ముడు స్తంబం మీదున్నాడు బావూ. మీ తెర కూసింత దించండి సాలు. మా తెర దించుకునేదాకా" అన్నాను.

ఇంద్రభూషణం గొంతు తొణకలేదు. పొద్దున వార్త చదివే గొంతే. "కొంచెం సర్దుకోండి, తవిటమ్మగారూ" అన్నాడు.

మళ్ళీ అడిగాను. బతిమాలాను. మళ్ళీ అదే మాట, అదే మర్యాద. మూడోసారి నోరు తెరిచేలోపు స్తంభం విరిగిన చప్పుడైంది. తెర ఊరి మీద పడింది. మొగలిదిబ్బలోనే నలభై మందికి పైగా పోయారు. ఆ గారూ అన్న మాట నా చెవిలోంచి పోవడం లేదు.

ఆరో రోజు

గాలి దక్షిణానికి తిరిగింది. చిన్న జల్లు.

కొత్తరేవు నుంచి సాయం పడవలు వచ్చాయి. బియ్యం, దుప్పట్లు, మందులు. మమ్మల్ని ముంచినవాళ్ళే మాకు దుప్పట్లు ఇస్తున్నారు. తీసుకున్నాం, తీసుకోక ఏం చేస్తాం. గవరయ్య భార్య నీలవేణికి నొప్పులొస్తే వాళ్ళ ఆసుపత్రి పడవలోనే ఎక్కించాల్సి వచ్చింది. సాయంత్రానికి కబురొచ్చింది, మగపిల్లాడు. తండ్రి పోయిన ఆరో రోజున పుట్టాడు. సంతోషించాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

ఎర్రయ్య తాత బడి అరుగు మీద అందరినీ కూర్చోబెట్టాడు. ఊళ్ళో మిగిలిన పెద్ద ఆయనే. ఈసారి తుఫానుకి పేరు పెట్టే వంతు మాదని చెప్పాడు. ఎక్కువ దెబ్బ తిన్న ఊరే పేరు పెడుతుంది, ఆ ఊరి గాలికాపు నోటితోనే పెడుతుంది. పదహారో రోజున తీరమంతా వైర్‌లెస్ దగ్గర కూర్చుని వింటుంది. ఒక్కో ఊరు ఆ పేరుని ఒకసారి పలికితే ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత మరో పెద్ద తుఫాను వచ్చేదాకా ప్రతి ఉదయం వార్తలో, పంచాంగంలో, పిల్లల పాఠాల్లో అదే పేరు. పోయినసారి తుఫాను పేరు గుడ్డికాకి. నేను పుట్టిన ఏడు వచ్చిన దాన్ని ఇప్పటికీ పెద్దపిలుపు అనే అంటారు.

ఈ మాట ఆయన పూర్తి చేయకముందే నా దగ్గర పేరు సిద్ధంగా ఉంది. ఇంద్రభూషణం తుఫాను.

పేరు ఏం చేస్తుందో నాకంటే ఎవరికి తెలుసు? నాకు ముందు పుట్టిన వాళ్ళెవరూ దక్కలేదని, మా అమ్మ నన్ను పొరుగింటికి గుప్పెడు తవుడుకి అమ్మి, మళ్ళీ కొనుక్కుని ఈ పేరు పెట్టింది. తవుడు ఖరీదు చేసేదాని వైపు చావు తొంగిచూడదట. చూడలేదు మరి. ఒక పేరు నన్ను నలభై ఏళ్ళు బతికించింది. ఇంకో పేరుతో ఒకణ్ణి చచ్చేదాకా సిగ్గుతో బతికించగలను.

రోజూ పొద్దున్నే తన పేరు తానే చదువుకోవాలి. నలభై మందిని మింగిన గాలికి తన పేరు. అది తలచుకుంటే ఆరు రోజుల తర్వాత ఈ పూట అన్నం సహించింది.

ఎనిమిదో రోజు

గాలి గురించి రాయడానికి ఏమీ లేదు. నా నోటి గురించి ఉంది.

ఇంద్రభూషణం మమ్మల్ని పరామర్శించడానికి వచ్చాడు. సన్నగా, శుభ్రంగా, ఇసుకలో జాగ్రత్తగా అడుగులు వేసే మనిషి. వచ్చి, తెర మొత్తం ఎత్తక తప్పలేదని, కొత్తరేవులో లక్షల జనం ఉన్నారని, లెక్క వేసి చూస్తే అదే తక్కువ నష్టమని నెమ్మదిగా వివరించాడు. మమ్మల్ని ఒక లెక్కలో కలిపాడు గానీ, ఆ లెక్క వేసేముందు మాకు ఒక మాట చెప్పాలని తోచలేదు. చెబితే ఊరు ఖాళీ చేసి దిబ్బల వెనక్కి పోయేవాళ్ళం. గవరయ్య స్తంభం ఎక్కేవాడు కాదు. అదే అడిగాను.

అక్కడితో ఊరుకోవలసింది. ఊరుకోలేకపోయాను. తుఫానుకి ఆయన పేరే పెడతానని మొహం మీదే చెప్పేశాను. ఆ మొహం రంగు మారుతుంటే చూడాలనిపించింది, చూశాను. కడుపు నిండింది.

"పేరు మాత్రం వద్దమ్మా. నాకు చదువుకునే పిల్లలున్నారు" అన్నాడు.

"మా తమ్ముడికీ ఉన్నాడు బావూ కొడుకు. మొన్ననే పుట్టినాడు, మీ పడవలోనే. ఆడు నాన్నని సూడనేదు" అన్నాను.

ఆయన తలెత్తి నన్ను కాసేపు చూసి వెళ్ళిపోయాడు. ఎర్రయ్య తాత మాత్రం పొగాకు చుట్ట తీసి నా వైపు ఊపాడు. "నోరు మూసుకుని ఊరుకుంటే నీ సొమ్మేటి పోద్దే? ఇంకా ఎనిమిది రోజులుంది. ఆడు ఊరుకుంటాడా?" అన్నాడు. ఏం చేస్తాడులే అన్నాను.

పదకొండో రోజు

చేశాడు.

నీలవేణి పిల్లాణ్ణి ఎత్తుకుని పడవ దిగింది. వాడికి గవరయ్య ముక్కే, సందేహం లేదు. ఎత్తుకున్నాను. వాడి చేతికి ఆసుపత్రి వాళ్ళు కట్టిన పట్టీ ఉంది, పట్టీ మీద పేరు ఉంది. చదివి, మళ్ళీ చదివాను. ఇంద్రభూషణం అని ఉంది.

చదవబోయే వాళ్ళ కోసం పేరు కట్టు అనే పాత నియమం సంగతి రాస్తాను. ఎప్పుడో ఒక తుఫానుకి సీతాలు అని పెట్టారట. ఆ పేరుగల పిల్ల ఒకతి ఆ ఊళ్ళోనే ఉండేది. తోటి పిల్లలు ఆమె మీద ఇసుక పోసేవారు, పెద్దయ్యాక ఎవరూ చేసుకోలేదు, చివరికి ఊరు విడిచి పోయింది. అప్పటి నుంచి పేరు పెట్టే ఊళ్ళో బతికున్న పిల్లల పేరు ఏదీ తుఫానుకి పెట్టకూడదు. మంచి కట్టు. పసివాళ్ళని కాపాడటానికి కట్టిన కట్టు. దాని వెనక వెళ్ళి ఇంత పెద్దమనిషి దాక్కున్నాడు.

నీలవేణి ఏమీ దాచలేదు. తెరకచేరి మనిషి పడవలోకి వచ్చి, పిల్లాడికి అయ్యగారి పేరు పెడితే ఇసుకలోనూ గాలికి కదలని రేకుఫలకల ఇల్లు ఇస్తామన్నాడట. పిల్లాడి పేరునే ఇస్తారట. అయితే ఆసుపత్రిలో రాసిన పేరు రేషను కోసమే. మా ఊళ్ళో మేనత్త ఉయ్యాల్లో వేసి పిలిస్తేనే అది పేరు. ఆ సంగతి కూడా కనుక్కున్నాడు ఆ మనిషి. అందుకని పేరు పెట్టే రోజుకి ముందే, పదిహేనో రోజున, ఉయ్యాల వేయాలని ముహూర్తం కూడా వాళ్ళే పెట్టారు. మేనత్త అంటే నేను.

ఎలా పుట్టిందే నీకు ఈ బుద్ధి, కట్టుకున్నవాణ్ణి చంపినవాడి పేరా అని నోటికొచ్చినట్టు తిట్టాను. చెయ్యి కూడా లేచింది. ఆమె ఒళ్ళో పిల్లాడున్నాడు కాబట్టి దించుకున్నాను.

నీలవేణి ఏడవలేదు. "నాకూ తెలుసొదినా పేరు కట్టు సంగతి. తెలిసే పెట్టినాను. నువ్వు తుఫానుకి ఆడి పేరెట్టీసి సావిట్లోకెల్లి కూకుంటావు, నీ పగ తీరిపోద్ది. మరి నాను ఈ గుంటడ్ని ఎక్కడ తొంగోబెట్టాల? వచ్చే గాలికి ఏ గోడ ఎనకాల దాసాల?" అంది.

అడిగింది న్యాయమే కావడం నాకు ఇంకా కోపం తెప్పించింది.

పదమూడో రోజు

గాలి తూర్పు నుంచి, కాస్త ఎక్కువ. బడి తలుపులు కొట్టుకుంటుంటే పిల్లలు పని మానేసి పెద్దవాళ్ళ కాళ్ళు పట్టుకుంటున్నారు.

ఇంటి ఫలకలు బార్జీ మీద వచ్చి ఒడ్డున పడ్డాయి. ఉయ్యాల వేసిన పూటే నిలబెడతారట, వేయకపోతే వెనక్కి పట్టుకుపోతారట. అక్కడికి పోయి ఒక ఫలకని తన్ని చూశాను. గట్టిదే. నాసిసరుకైనా బాగుణ్ణు, విరగ్గొట్టేసేదాన్ని.

నా ముందు ఉన్నవి రెండే. ఉయ్యాల్లో వాణ్ణి వేరే పేరుతో పిలిచానా, ఇంద్రభూషణం పేరు నాకు దొరుకుతుంది, పిల్లాడికి ఇల్లు పోతుంది. ఆ పేరుతోనే పిలిచానా, ఇల్లు నిలబడుతుంది, తమ్ముణ్ణి చంపినవాడు చేతులు దులుపుకుని పోతాడు. పైగా ఆ పేరు నా నోటితోనే, ముద్దుగా పిలవాలి. ఎర్రయ్య తాత ఏమీ చెప్పనన్నాడు. ఏ దారిన పోయినా నువ్వే తిట్టుకుంటావు, నన్ను కలపకు అన్నాడు.

నిజం రాయాలి కదా. నేను మొదటి దారికే మొగ్గాను. పిల్లాణ్ణి నేనే పెంచుకోవచ్చు, ఎలాగో బతుకుతాడు అనుకున్నాను. ఎలాగో అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ గాలి రోజు కొత్తరేవులో ఆయన కూడా మా గురించి అలాగే అనుకుని ఉంటాడు, ఎలాగో బతుకుతారులే అని. ఆయనలా ఆలోచించానన్న సంగతి పొద్దస్తమానం నన్ను గుచ్చింది.

పద్నాలుగో రోజు

మధ్యాహ్నం బడి వెనక పిల్లలు ఆడుకుంటున్నారు. తుఫాను తర్వాత వాళ్ళు ఆడటం ఇదే మొదలని, కుండ కడగడం ఆపి చూశాను. ఒక పిల్ల బోర్లించిన బకెట్ మీద నిలబడింది. మిగిలిన వాళ్ళు చేతులు చాచి గిరగిరా తిరుగుతున్నారు. తిరిగి తిరిగి బకెట్ పిల్లని ఏదో అడుగుతున్నారు. ఆ పిల్ల గొంతు మార్చి, పెద్దమనిషిలా దగ్గి, ఒక మాట అంది. అనగానే అందరూ దబ్బున ఇసుకలో పడిపోయారు. పడ్డవాళ్ళు కదలకూడదు. కదిలితే ఆట పోయినట్టు.

ఆ ఆట చాలాసేపు చూశాను. ఏం ఆట ఇది అని అడిగితే, తుఫానాట అన్నారు.

కుండ అక్కడే వదిలేసి నీలవేణి దగ్గరికి పోయాను. ఉయ్యాలకి మంచి తాడు చూడమన్నాను. ఆమె నా మొహంలోకి అనుమానంగా చూసింది. ఈసారి నేను నోరు విప్పలేదు. ఎర్రయ్య తాతకి కూడా చెప్పలేదు.

పదిహేనో రోజు

గాలి నిలిచింది. ఆకు కదల్లేదు, కదలడానికి ఆకు కూడా లేదనుకోండి.

బడి దూలానికి తెరగుడ్డ ముక్కతో ఉయ్యాల కట్టాం. గవరయ్య కుట్టిన గుడ్డే అది. ఇంద్రభూషణం వచ్చి ముందు వరసలో కుర్చీలో కూర్చున్నాడు. పిల్లాడికి వెండి గజ్జెలు కూడా తెచ్చాడు. నేను వాణ్ణి ఉయ్యాల్లో వేసి వంగి, అందరికీ వినపడేటట్టు, మూడుసార్లు పిలిచాను. ఇంద్రభూషణం అనే పిలిచాను. మూడోసారికి వాడు కళ్ళు తెరిచి నా వైపు చూశాడు, నా మేనల్లుడు. పేరు ఎవరిదైతేనేం, చూపు మా వాడిదే.

కుర్చీలో ఆయన ఊపిరి వదలడం వినిపించింది. లేచి వచ్చి నాకు దణ్ణం పెట్టి, పెద్ద మనసమ్మా మీది అన్నాడు. పెద్దదే మరి, ఎంత పెట్టుకున్నా పడుతుంది.

సాయంత్రానికి ఇల్లు నిలబడింది. తలుపు మీద పిల్లాడి పేరుతో పలక బిగించారు. పిల్లాడి పేరున రాసింది ఎవరూ వెనక్కి తీసుకోలేరని తాత ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు.

పదహారో రోజు

గాలి తూర్పు నుంచి, పడవలు వెళ్ళదగ్గ గాలి.

వైర్‌లెస్ బడి వాకిట్లో పెట్టాం. ఊరంతా ఇసుకలో కూర్చుంది. ఇంద్రభూషణం మళ్ళీ వచ్చాడు, ఈసారి నిశ్చింతగా, కాలు మీద కాలేసుకుని. పేరు పెట్టే వేళకి తెరకచేరి పెద్ద దగ్గర ఉంటే మర్యాద. మర్యాద తప్పని మనిషి కదా.

ఎర్రయ్య తాత పోయినవాళ్ళ పేర్లన్నీ చదివాడు. గవరయ్య పేరు చివర చదివాడు, చివరిదాకా స్తంభం మీద ఉన్నాడు కాబట్టి. తర్వాత మైకు నాకిచ్చాడు.

"మొగలిదిబ్బ గాలికాపు తవిటమ్మని. ఈ తుఫాను పేరు సర్దుకోండి" అన్నాను.

ఆనాడు నేను బతిమాలింది తీరమంతా విన్నదే. ఎవరికీ వివరించనక్కర్లేదు. ముందుగా అవతలి ఇసకపాలెం గాలికాపు గొంతు వచ్చింది. "సర్దుకోండి" అంది. తర్వాత ఉప్పుగడ్డ పలికింది. తర్వాత దిబ్బసీమ ఊళ్ళన్నీ, ఆ తర్వాత దక్షిణాన నేను పేరు కూడా వినని ఊళ్ళు, ఒకదాని వెనక ఒకటి, సర్దుకోండి, సర్దుకోండి అని. కొన్ని గొంతులు ఏడుస్తున్నాయి. ఒక ముసలాయన పళ్ళు కొరుకుతూ అన్నాడు.

ఇంద్రభూషణం కాలు దించాడు. ఇది పేరు కాదు, మామూలు మాట, ఒప్పుకోవడం కుదరదు అన్నాడు.

"గుడ్డికాకి పేరైతే ఇదీ పేరే. బతికున్న పిల్లల పేరు కాకపోతే సాలు, అదే గదా కట్టు? ఈ పేరుగల పిల్లలెవరైనా ఉన్నారేటి బావూ?" అని తాత చాలా వినయంగా అడిగాడు.

కొత్తరేవు వంతు వచ్చింది. వైర్‌లెస్ గరగరమంటూ ఎదురు చూసింది. ఆయన పలకలేదు. లేచి, ఇసుకలో జాగ్రత్తగా నడవడం మరిచిపోయి, పడవ వైపు వెళ్ళిపోయాడు. పలకకపోయినా ఒక్క ఊరు తక్కువైతే పేరు ఆగదు.

వెనక నుంచి ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. నీలవేణి నవ్వుతోంది. గవరయ్య పోయాక ఆమె నవ్వడం ఇదే మొదలు. నవ్వుతూ నవ్వుతూ నా భుజం మీద తల పెట్టి భోరున ఏడ్చింది. నేను కూడా.

పదిహేడో రోజు

గాలి తూర్పు నుంచి, నెమ్మది. ఆకాశం తేట.

ఎనిమిదింటికి ముందే అందరూ స్పీకరు కిందికి చేరారు. ఆయన కుర్చీ దిగిపోతాడని కొందరు, దిగడని కొందరు పందాలు వేసుకున్నారు. నాకు తెలుసు, దిగడు. దిగేవాడైతే ఆ రోజు తెర కూడా దించేవాడు.

స్పీకరు మోగింది. "కొత్తరేవు తెరకచేరి నుంచి ఇంద్రభూషణం. అందరికీ శుభోదయం" అంది. తర్వాత ఆగింది. వార్త మధ్యలో ఆ గొంతు ఆగడం నేను ఎప్పుడూ వినలేదు. కాగితం చప్పుడు వినిపించింది. "సర్దుకోండి... తుఫాను వెళ్ళి నేటికి పదిహేడు రోజులు" అన్నాడు.

వాకిట్లో ఆడుకుంటున్న పిల్లలు ఆ మాట వినగానే ఎక్కడివాళ్ళు అక్కడ ఇసుకలో పడిపోయారు. బకెట్ మీద ఎవరూ లేరు. అసలు గొంతు వినపడితే పడాలా వద్దా అని వాళ్ళు ఆలోచించలేదు. కళ్ళు మూసుకుని, కదలకుండా పడుకున్నారు. వాళ్ళ మీదుగా స్పీకరు ఈ రోజు గాలి సంగతి చదువుతూ పోయింది. ఆ గొంతుకి వాళ్ళు కనపడరు. రేపో ఎల్లుండో ఎవరైనా వెళ్ళి పిల్లలు ఇలా పడుతున్న సంగతి ఆయనకి చెబుతారు. చెప్పకపోతే నేనే వైర్‌లెస్‌లో చెబుతాను, అందరూ వినే దారిలో.

పిల్లాడు లేచి ఏడిస్తే కొత్త ఇంటి గుమ్మంలోకి ఎత్తుకుని తెచ్చాను. ఊరుకో ఇంద్రభూషణం, ఊరుకో నాన్నా అని వీపు నిమిరాను. పేరు ఇప్పుడు అంతగా గుచ్చుకోవడం లేదు. ఊరుకున్నాడు.

రేపు ఎనిమిదింటికి ఆయన మళ్ళీ చదవాలి. ఎల్లుండి చదవాలి. ఆ కుర్చీలో ఉన్నన్నాళ్ళూ చదవాలి. నేను గాలి రాస్తూ వింటాను.